మంచి రోజు చూసి చెప్పండి

మాఘ శుద్ధ విదియ

ఈ ఉదయం తలుపు తేలికగా తెరుచుకుంది. అమావాస్య దాటి రెండు రోజులే కదా, చెక్కలింకా బిగుసుకోలేదు. మా పేటలో ఇళ్లు నాచు చెక్కతో పెరిగినవి. పున్నమి దగ్గరపడే కొద్దీ నీరు తాగి ఉబ్బుతాయి, తలుపులు మొరాయిస్తాయి. ఆకాశం ఎప్పుడూ పాలమీగడలా మూసుకునే ఉంటుంది కాబట్టి చంద్రుడు ఎంతవరకు వచ్చాడో మేము తలుపును బట్టి తెలుసుకుంటాం.

చెక్కలకు మంచినీళ్లు చిలకరించి, గంగమ్మ ముందు దీపం పెట్టి వాకిట్లోకి వచ్చేసరికి తూనీగ వాలి ఉంది. కొండ మీది పరిశోధనశాల వాళ్లు పంపే తూనీగ ఇది. మూరెడు పొడవు, రెక్కల మీద మంచు. పొట్ట మూత తీస్తే మూడు పూసలు. రెండు తెల్లవి, ఒకటి ఎర్రది.

తొమ్మిదేళ్ల కిందట కొండ వాళ్లు నీటి మీద తేలే మా ఏడు తెప్పల పేటకు వచ్చారు. నీళ్లలో మునిగే మా వాళ్లకు ఊపిరి అంతసేపు ఎలా నిలుస్తుందో తెలుసుకోవాలని నాలుగు వందల పన్నెండు మంది దగ్గర రక్తం తీసుకున్నారు. ఆ రక్తంలో ఏం కనిపించినా పూసలో పెట్టి పంపుతారు. ఎవరి పూస వాళ్ల అరచేతిలోనే వెచ్చబడుతుంది, వాళ్ల చెవికే మాట్లాడుతుంది. తెల్ల పూస అయితే బెంగ లేదు. ఎర్ర పూస అయితే ఉంది, దానికి చేయగలిగింది కూడా ఉంది. లోపలి మాట నాకు తెలియదు. ఏ పూస ఎప్పుడు అందించాలో చూసుకోవడం, ఎందుకు ఆగానో, ఎందుకు ఇచ్చానో ఈ పుస్తకంలో రాయడం నా పని. పదో తరగతి వరకు చదివాను, దస్తూరీ కుదురుగా ఉంటుంది అని నన్ను పెట్టారు. పేరు నూకరత్నమే అయినా పేటలో అందరూ కబురప్ప అనే అంటారు.

ఎప్పుడు చెప్పాలన్నది మాత్రం ఎవరి మాట వాళ్లదే. రక్తం తీసిన రోజున ఒక్కొక్కరినీ అడిగి, అన్నది అన్నట్టుగా నేనే రాసుకున్నాను. వెంటనే అన్నవాళ్లున్నారు, ఎప్పటికీ వద్దన్నవాళ్లున్నారు. మిగతావాళ్లు తమకు తోచినట్టు చెప్పారు. వలలు అల్లే గుర్నాథం "మా ఆవిడ ఇంట్లో లేనప్పుడు" అన్నాడు. ఆవిడ ఇల్లు కదలదు. ఇవాళ్టి తెల్ల పూసల్లో ఒకటి ఆయనదే.

గుమ్మం దగ్గర నిలబడి పిలిస్తే ఆవిడే పలికింది.

"పూసొచ్చిందేటి? ఇలా తే, నానిస్తాను."

"ఆయన చేతికే ఇవ్వాలి వదినా."

"ఆ సెయ్యి నాకు తెల్దేటి? ముప్పై ఏళ్లనుంచి దానికి నానే గోళ్లు తీస్తన్నాను."

లోపల్నించి గుర్నాథం వచ్చాడు. "ఇది ఇంట్లో లేనప్పుడన్నది ఈ జన్మకి రాదప్పా. ఆ మాట కొట్టీసి ఇచ్చీ."

మాట మార్చుకునే హక్కు ఆ మాట అన్నవాళ్లది. కొట్టేసి ఇచ్చాను. ఆయన పూసను చెవి దగ్గర పెట్టుకుని, "నాకు ముసలితనంలో కూడా పళ్లు ఊడవంట" అన్నాడు. "అయితే ఇంకా తినేస్తావన్నమాట" అంది ఆవిడ.

ఎర్ర పూస మూడో తెప్ప పోలమ్మది. పుస్తకం తిరగేస్తే ఆమె పేరు ఎదురుగా "మంచి రోజు చూసి చెప్పండి" అని ఉంది. పంతులుగారు పోయినప్పటి నుంచి పంచాంగం చూసేదీ నేనే. శుక్ర మూఢం నడుస్తోంది. బహుళ పంచమితో వదులుతుంది. ఆ తర్వాత దోషం లేని రోజు దశమి. ఆ దశమినే ఈ ఏటి మొదటి మునకకు కూడా పెట్టి ఉంచాను. ఆ తెల్లవారుజామునే పోలమ్మకు పూస ఇస్తాను. అందాకా ఎవరూ నీళ్లలో దిగరు కాబట్టి ఆగడం వల్ల నష్టం లేదనిపించింది. పూసను పోపుల పెట్టెలో ఆవాల మీద పెట్టాను.

మాఘ శుద్ధ పంచమి

తాళ్లకు నూనె పట్టించే రోజులు. మా అరుగు వెడల్పని పోలమ్మ, కూతురు కొర్లమ్మ తాళ్ల చుట్టలు ఇక్కడికే తెచ్చుకున్నారు.

పోలమ్మకు నలభై ఉంటాయి. మా తెప్పల కింద మునిగిపోయిన పట్నం ఒకటి ఉంది. దాని పెంకుల కప్పుల మీద పాలగుల్లలు పడతాయి. మాఘంలో చన్నీటి పాయ వచ్చినప్పుడు నోళ్లు తెరుస్తాయి. వాటి పాలతో కొండ మీద మందులు చేస్తారు, బదులుగా మాకు బియ్యం వస్తాయి. పేటలో అందరికంటే లోతుకు దిగేది పోలమ్మ. పైవాళ్లు తాడు పట్టుకుని గుండెలు అరచేతిలో పెట్టుకుంటే, ఆమె మేడల కిటికీల దాకా వెళ్లి తాపీగా తిరిగొస్తుంది. కొర్లమ్మకు పదిహేడు. ఈ ఏడు తల్లితో దిగబోతోంది.

"గట్టిగా రుద్దే. మొహానికి రాసుకున్నట్టు రాస్తన్నావు."

"నా మొహానికి నూనెక్కడుందే? అంతా నువ్వే తలకెట్టీసుకున్నావు."

"సూసినావా అప్పా, దిగకముందే దీనికి ఊపిరెక్కువైపోనాది."

కొర్లమ్మ కాసేపు తాడు రుద్ది, "కింద మేడల్లో నిజంగా మంచాలున్నాయేటి?" అంది.

"ఉన్నాయి. సేపలు పడుకున్నాయి. నువ్వెల్లి లేపుదువుగాని."

"మరి గంగమ్మ పిలిస్తే ఎలా తెలుస్తాది?"

పోలమ్మ చేయి ఆగింది. "మీ మావని పిలిచినప్పుడు ఆడు తాడు లాగనేదు. పైకి తెచ్చినాక నవ్వుతున్నట్టున్నాడు. అంతే. పని సూడు."

ఆ ఇంట్లో ఇద్దరిని పిలిచింది గంగమ్మ. ముందు పోలమ్మ తల్లిని, తర్వాత అన్న దండాసిని. ఇద్దరూ చన్నీటి పాయలో, దిగిన కాసేపటికే, ఏ దెబ్బా లేకుండా. అలా వెళ్లినవాళ్ల కోసం మా పేటలో ఏడవకూడదంటారు. హారతి ఇచ్చి సాగనంపుతారు. రెండుసార్లూ హారతి పట్టింది నేనే.

వాళ్లు వెళ్లేదాకా పోపుల పెట్టె వైపు చూడకుండా కూర్చున్నాను.

మాఘ శుద్ధ అష్టమి

మధ్యాహ్నం శంఖం మోగింది. కొండవాళ్లతో మాట్లాడే పరికరం అది, ఆకారాన్ని బట్టి ఆ పేరు పెట్టుకున్నాం. అవతల డాక్టరు ఇందుమతిగారు.

"నూకరత్నం గారూ, ఎర్ర పూస అందించారా?"

"లేదండీ. మూఢం. ఆవిడ మంచి రోజు చూసి చెప్పమంది."

"మూఢమంటే?"

"శుక్రుడు సూర్యుడి వెలుగులో కలిసిపోయి కనిపించడండీ. అప్పుడు శుభకార్యాలు చేయరు."

"అక్కడ మీకు మామూలుగా శుక్రుడు కనిపిస్తాడా?"

"నేను చూసి పద్నాలుగేళ్లయిందండీ. లెక్క ఉంది."

ఆవిడ నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. "మా పనీ అంతే. కనిపించనివాటికి లెక్క కట్టడం" అన్నారు. పెట్టేశారేమో అనుకునేంతలో చాలా నెమ్మదిగా అడిగారు. "ఆవిడ నీళ్లలోకి దిగుతుందా?"

ముప్పు నీళ్లలోనే ఉందన్నమాట.

"దిగుతుందండీ. కూతురు కూడా."

"నేను ఆ మాట అడిగి ఉండకూడదు. అడిగానని రాసుకోండి. తప్పు నాది."

రాశాను. అంతకంటే ఆవిడ చెప్పలేరు. ఆ కట్టుబాటుకు కారణం నేనే. ఆరేళ్ల కిందట ఆరో తెప్ప చిట్టెమ్మ "నా పిల్ల పుట్టినాక" అని రాయించింది. ఎర్ర పూస కదా, ముందే తెలిస్తే మేలని ఏడో నెలలో తీసుకెళ్లి ఇచ్చాను. ఆమె పిల్లను క్షేమంగానే కంది. కానీ ఆ రెండు నెలలూ కడుపు మీద చేయి వేసుకోలేదట. ఇప్పటికీ నేను ఎదురైతే పక్క తెప్ప మీదుగా వెళ్లిపోతుంది. ఆ తర్వాతే, చెప్పినవాళ్ల మాట దాటి ఎవరూ కబురు ఇవ్వకూడదని కొండవాళ్లు కట్టడి చేశారు.

దశమి తెల్లవారుజామున ఇస్తాను. మునకకు ముందే. గంగమ్మా, అప్పటిదాకా చూసుకో.

మాఘ శుద్ధ ద్వాదశి

చన్నీటి పాయ ముందే వచ్చేసింది. పాదాలకు తెలుస్తోంది. తెప్ప అడుగు నుంచి చలి పైకి పాకి, మంచినీళ్ల కుండ చుట్టూ తెల్లటి పొగలా తిరుగుతోంది.

పోలమ్మ వచ్చి గుమ్మంలో కూర్చుంది. "అప్పా, మా కొర్లి గుంటకి ఓపారి నీరు సూపిస్తాను. మునకేటీ కాదు. కప్పుల దాకా ఎల్లి వొచ్చీడమే. దీనికి రోజు సూడక్కర్లేదు కదా?"

పంచాంగం తీసి అవసరం లేని పేజీలు తిరగేశాను. "తారాబలం లేదు పోలమ్మా. నీ నక్షత్రానికి పున్నమి దాకా నీళ్లు పనికిరావు."

ఆ పుస్తకం చేతిలో పట్టుకుని అబద్ధం ఆడటం నాకు ఇదే మొదలు. అది ఇంత సులువుగా వస్తుందని తెలియదు. పోలమ్మ ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. "నువ్వన్నాక ఇంకేటుంది" అని లేచి వెళ్లిపోయింది.

సాయంత్రం దీపం దగ్గర కూర్చుంటే మనసు నిలవలేదు. ఇలా రోజుకో దోషం చెబుతూ వాళ్లను ఏడాదంతా ఒడ్డున కూర్చోబెట్టగలను. నమ్ముతారు. ఆ ఆలోచనకే భయమేసింది.

మాఘ శుద్ధ చతుర్దశి

తలుపు తీయడానికి భుజం ఆనించాల్సి వచ్చింది. అప్పుడు తట్టింది, రేపటి పున్నమి స్నానాల పున్నమి.

మాఘ పున్నమికి సముద్ర స్నానం. మా పేటలో ముసలీ ముతకా అందరూ మూడు మునకలు వేస్తారు. దానికి మూఢం లేదు, తారాబలం లేదు. ఆ రోజు నీళ్లే పుణ్యం. వారిలో మునక పని చేసే వాళ్లంతా ఇంకాస్త లోతుకు వెళ్లి గంగమ్మకు పసుపు కొమ్ము వదిలి వస్తారు. కొర్లమ్మకు ఈ ఏడు ఆ వంతు వచ్చింది. గడువు పున్నమి దాకా అని నా నోటితో నేనే అన్నాను. పోలమ్మ ఎదురుచూస్తూ ఉంటుంది.

పోపుల పెట్టె తెరిచి పూసను చూశాను. నా అరచేతిలో అది చల్లగానే ఉంది. అది మాట్లాడాల్సింది నాతో కాదు. ఇస్తే ఆమె మాట దాటినదాన్ని అవుతాను. చిట్టెమ్మ ముఖం కళ్ల ముందు నిలబడింది. ఇవ్వకపోతే రేపు కొర్లమ్మ చేతికి పసుపు కొమ్ము ఇచ్చి నేనే పంపాలి. పెట్టె మూయలేదు, పూస తీయలేదు. అలాగే కూర్చుండిపోయాను.

మాఘ పున్నమి

ఇవాళ జరిగింది జరిగినట్టు రాస్తాను.

తెల్లవారింది. స్నానానికి హారతి పళ్లెం సర్దుకుని తలుపు లాగితే రాలేదు. రెండు చేతులతో లాగాను. ఇల్లంతా నీరు తాగి నిండు గర్భిణిలా కదలకుండా ఉంది. కిటికీలోంచి చూస్తే మంచులో తెప్ప అంచు వెంట జనం వరసగా నిలబడి ఉన్నారు. ఎవరి ముఖాలూ తెలియడం లేదు. చేతుల్లోని ప్రమిదలు మాత్రం మెల్లగా ఊగుతున్నాయి. నేను హారతి ఇవ్వందే ఎవరూ దిగరు. తలుపు ఇలాగే ఉండిపోతే బాగుండునని ఒక్క క్షణం అనుకున్నాను.

పోలమ్మ కిటికీ దగ్గరికి వచ్చింది. తలంటుకుని, కొంగు బిగించి ఉంది.

"బిగిసిపోనాదేటి? ఆగు, గుంటల్ని పిలుస్తాను."

"వద్దు పోలమ్మా. ఆగు."

"ఏటప్పా, అలాగున్నావు?"

"నువ్వు ఈవేళ దిగకు. కొర్లమ్మనూ దించకు. తారాబలం ఇంకా కుదరలేదు."

పోలమ్మ కిటికీ చెక్క మీద మోచేతులు ఆనించి నన్నే చూసింది. "ఒక మాట అడుగుతాను. మొన్న నువ్వన్న కాడినుంచి తొలుస్తంది. నా నచ్చత్రం నాకే తెల్దు. మా అమ్మకి నానెప్పుడు పుట్టానో గురుతు నేదు. వానలో పుట్టానని అనీది. మరి నీకెలా తెలిసింది?"

నా కళ్లు పోపుల పెట్టె మీదికి వెళ్లాయి.

"నువ్వు అబద్ధమాడవు. ఆడినావంటే ఏదో ఉంది." ఆమె గొంతు తగ్గింది. "నా పూసొచ్చిందేటి?"

తల ఊపాను.

"తెల్లదేటి?"

ఊపలేదు.

అటు నుంచి ఎవరో దగ్గారు. తర్వాత పోలమ్మ, "ఎప్పుడొచ్చింది?" అంది.

"విదియ నాడు. నువ్వే కదా మంచి రోజు చూసి చెప్పమన్నావు. మూఢం వదలాలి. దశమికి ఇద్దామని..."

"నానెప్పుడన్నాను?"

"రక్తం తీసిన రోజు. నా చేత్తో రాసుకున్నాను."

పోలమ్మ నావంక అదోలా చూసింది. కోపం కాదు. జాలి లాంటిది. "ఆ రోజేటో గురుతుందా అప్పా నీకు? మా అన్న పోయిన అయిదో రోజు. తిండి నేదు, నిద్దర నేదు. నువ్వు పుస్తకమట్టుకొచ్చి ఎప్పుడు సెప్పాల అంటే, ఈయాల వొద్దు, ఇంకో మంచి రోజు సూసి సెప్పండని పంపీసినాను. ఆ రోజు బాగోనేదు, అంతే. ముహూర్తం ఎవరడిగారు?"

నేను రాసింది ఆమె అన్న మాటే. ఒక్క అక్షరం మార్చలేదు. కానీ ఆ మాట ఏ రోజున అందో రాయలేదు. తొమ్మిదేళ్ల తర్వాత తెరిచి, ఆ మాటకు పంచాంగంలో అర్థం వెతికాను.

"మరి మంచి రోజంటే ఏదే?" అని అడిగాను. అడుగుతున్నప్పుడే నా తెలివితక్కువతనం నాకు తెలిసింది.

"కడుపులో కాస్త కూడు ఉండాల. పక్కన మనిషుండాల. ఏడిస్తే ఏడవనిచ్చే మనిషి. ఇంకేటుంటాది మంచి రోజుకి?" కిటికీలోంచి చెయ్యి చాపింది. "పొద్దున్నే రెండు దిబ్బరొట్టెలు తిన్నాను. ఇచ్చీ."

ఆవాలు అంటుకున్న పూసను ఆమె అరచేతిలో పెట్టాను. అది అగ్గిరవ్వలా వెలిగి, మెల్లగా గులాబి రంగుకు వచ్చింది. ఆమె చెవి దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకుంది. నేను ఆమె రెండో చెయ్యి పట్టుకున్నాను. తడి తాడు పట్టీ పట్టీ కాయలు కాసిన చెయ్యి. మంచు మా ఇద్దరి మధ్య నుంచి లోపలికి వస్తూ పోతూ ఉంది. పూస ఎంతసేపు మాట్లాడిందో చెప్పలేను.

కళ్లు తెరిచి తనే చెప్పింది, విన్నది విన్నట్టు. చన్నీళ్లలో మునిగితే ఆమె గుండె తాళం తప్పుతుంది. ఇన్నేళ్లు తప్పకపోవడం అదృష్టం. తల్లి నుంచి వచ్చింది. పిల్లలకు రావడానికి సగం అవకాశం. మందు ఉంది. మందు వేసుకున్నా మునక మాత్రం మానాలి.

నేను అనుకున్నట్టు ఆమె మునక గురించి అడగలేదు. "అయితే అమ్మోరు పిలవనేదా అప్పా మా అన్నని?" అంది.

హారతి పట్టిన చేతులు నావి. ఆ పిలుపు నమ్మినదాన్ని, ఇప్పుడూ నమ్ముతున్నదాన్ని. "నాకు తెలీదు పోలీ" అన్నాను.

"తొమ్మిదేళ్లు సీరెట్టాను ఆ తల్లికి. ఆణ్ణి బాగా సూసుకోమని."

అప్పుడు ఏడ్చింది. దండాసి పోయినప్పుడు ఏడవకూడదని ఊరుకున్న ఏడుపది. కిటికీ చెక్క మీద తల ఆనించి ఏడ్చింది. నేను లోపల, ఆమె బయట. నా చేయి ఆమె జుట్టు మీద. తెప్ప అంచున వాళ్లు ఇటు చూసి, మళ్లీ అటు తిరిగి నిలబడ్డారు.

కొంగుతో ముఖం తుడుచుకుని పోలమ్మ అటు తిరిగి చూసింది. "గుంట" అంది.

కొర్లమ్మ తెప్ప అంచున కూర్చుని కాళ్లు నీళ్లలో వేలాడేసి ఉంది. చేతిలో పసుపు కొమ్ము.

పోలమ్మ తలుపుకు భుజం వేసింది, నేను లోపల నుంచి లాగాను. చెక్క మూలిగి తెరుచుకుంది. నడుస్తూ పోలమ్మ, "ఈయాల పండగ. కడుపు నొప్పన్నట్టు సెప్పి ఇంటికి తీస్కెల్తాను. రేపు నిదానంగా సెప్తాను" అంది. ఎప్పుడు చెప్పాలన్నది ఇప్పుడు ఆమె చేతిలోకి వెళ్లింది. అది నా చేతిలో పదమూడు రోజులుంది కాబట్టి ఎంత బరువో నాకు తెలుసు.

"ఒలే కొర్లీ, పైకి రా. నాకు కడుపులో బాగోనేదు."

కొర్లమ్మ తల తిప్పి తల్లి కళ్లు చూసింది. "కడుపు నొప్పైతే కళ్లు ఎర్రబడతాయేటే?" పక్కనున్న ఆడపిల్లలు నవ్వారు. కొర్లమ్మ నవ్వలేదు. "ఏటైనాదమ్మా?"

పోలమ్మ కూతురి పక్కన కూర్చుని, తనూ కాళ్లు నీళ్లలో పెట్టింది. "ఒక సంగతుంది. రేపు సెప్దామనుకున్నాను. రేపటిదాకా నువ్వు నా మొహం సూస్తా ఉంటావు. ఇప్పుడే సెప్పీస్తాను."

నేను నాలుగడుగుల దూరంలో పళ్లెం పట్టుకుని ఉన్నాను. మాటలు వినిపించలేదు. రెండు వీపులు కనిపించాయి, మంచులో ఒకదానికొకటి ఆనుకుని. కొర్లమ్మ కాళ్లు నీళ్లలో కదలడం ఆగిపోయింది. తన గురించి అడుగుతుందనుకున్నాను. సగం అవకాశమంటే ఏమిటని అడుగుతుందనుకున్నాను. ఆ పిల్ల ఒక్కసారిగా తల్లి రెండు మోకాళ్లు పట్టుకుని నీళ్లలోంచి పైకి తీసి చెక్కల మీద పెట్టింది.

"ఇన్నేళ్లూ దీంతోనే దిగినావేటే" అంది. ఆ మాట అందరికీ వినిపించింది.

గుర్నాథం భార్య ఇంట్లోకి వెళ్లి గోరువెచ్చటి నీళ్ల బిందె తెచ్చింది. సముద్రం నీళ్లే, కాచినవి. తల్లీకూతుళ్లను పక్కపక్కన కూర్చోబెట్టి మూడేసి చెంబులు తల మీద పోసింది. నేను హారతి ఇచ్చాను. ఆవిరి లేచి మంచులో కలిసింది. ఆ తర్వాతే మిగతావాళ్లు దిగారు.

మాఘ బహుళ చవితి

తూనీగ మందు తెచ్చింది. చేదుగా ఉందని పోలమ్మ, మింగమని కొర్లమ్మ. పొద్దుటి నుంచి ఆ తెప్పంతా ఇదే గొడవ.

పుస్తకం మొదటి నుంచి చదివాను. మంచి రోజు అని రాయించినవాళ్లు ఇంకా ముప్పై ఒక్కరున్నారు. వాళ్ల పూసలు వచ్చేదాకా ఆగకుండా ఒక్కొక్కరి గుమ్మంలో కూర్చుని, మంచి రోజంటే ఏమనుకుని అన్నారో అడుగుతున్నాను. తొమ్మిది మంది పంచాంగమే అన్నారు. ఒకాయన అసలు అలా అన్నట్టే గుర్తులేదన్నాడు. ఇందుమతిగారికి తప్పు ఒప్పుకుని చెప్పాను. మాటతో పాటు, ఆ మాట అన్న రోజు ఆ ఇంట్లో ఏం జరిగిందో రాయడానికి పుస్తకంలో చోటు కావాలని అడిగాను. "మీ దగ్గరి పుస్తకంలోనే కాదు, అన్ని పుస్తకాల్లోనూ పెడతాను" అన్నారు. అబద్ధం ఆడినందుకు గంగమ్మ దగ్గర మూడు రోజులు ఉపవాసం ఉన్నాను. పోలమ్మకు తెలిసి తిట్టింది. "నువ్వు ఆడబట్టే కదా నాకు తెలిసింది" అంది. ఆ లెక్క నాకు కుదరలేదు. ఉపవాసం పూర్తి చేశాను.

సీర సంగతి కూడా తనే తెచ్చింది. "పిలిచినా పిలవకపోయినా ఆడున్నది ఆ తల్లింట్లోనే కదా అప్పా. సీర మాననులే."

కొర్లమ్మ తన రక్తం ఇచ్చింది. ఎప్పుడు చెప్పాలని అడిగాను. "వొచ్చిన యెంటనే. గానీ నువ్వు నవ్వు మొహమెట్టుకుని రా అప్పా. నీ మొహం సూస్తేనే గుండాగిపోతాది" అంది. ఆ మాట రాసుకుని కింద ఇలా రాశాను: ఈ రోజు ఈ పిల్ల తల్లితో మందు గురించి పోట్లాడి ఉంది. అన్నం తింది. ఈ మాట నవ్వుతూ అంది. అయినా రాసింది రెండుసార్లు చదివించుకుంది.

మాఘ బహుళ దశమి

మొదటి మునక. మంచు ఎంత చిక్కగా ఉందంటే పడవలు గాలిలో తేలుతున్నట్టున్నాయి. పదకొండు మంది దిగారు. పోలమ్మ ఈ ఏడు తాడు పట్టింది. ఆమె పట్టిన తాడు ముందెప్పుడూ ఆమె నడుముకే ఉండేది. కొర్లమ్మ పక్కన కూర్చుని తాడు వదులుతోంది. ఆ పిల్ల పూస ఇంకా రాలేదు, వచ్చేదాకా దిగదు.

నీళ్లు మూసుకున్నాయి. బుడగలు ఆగాయి. అందరం నీళ్ల వైపే చూస్తున్నాం. పోలమ్మ కళ్లు సగం మూసి, ఏదో దూరంగా వింటున్నట్టు కూర్చుంది. పెదవులు కదలకుండా లెక్కపెడుతోంది. ఇప్పుడు వాళ్లు కప్పుల దగ్గర ఉంటారు. ఇప్పుడు మేడలు కనిపిస్తూ ఉంటాయి. ఆమె ముఖం మెల్లగా నల్లబడటం నేను చూశాను, ఎందుకో అర్థం కాలేదు.

కొర్లమ్మకు అర్థమైంది. తాడు ఒక చేత్తో పట్టుకుని, రెండో చేయి తల్లి గుండె మీద వేసి నొక్కింది.

"ఊపిరి తీస్కోమ్మా," అంది. "నువ్వు పైనే ఉన్నావు."